తమ్ముడి సంతకం

జనవరి 14, సోమవారం

పొగమంచు. గేటు దగ్గర నిలబడితే రోడ్డు కనబడలేదు. మేనకోడలు ఫీనాను కాలేజీ దగ్గర దింపాను. ఇరవై రెండు మైళ్ళకు గంట పట్టింది. దారి పొడుగునా రోడ్డు మీది తెల్ల గీత ఒక్కటే ఆధారం. నేను మనసులో జపం చేసుకుంటున్నాను. అది ఫోను చూసుకుంటోంది.

హైస్కూలు ఆఖరి ఏడాది పిల్లలు ఊళ్ళో కాలేజీకి వెళ్ళి ఒక సబ్జెక్టు చదువుకోవచ్చట. రెండు చోట్లా లెక్కలోకి వస్తుంది. ఫీనా స్టాటిస్టిక్స్ తీసుకుంది. సోమ, బుధవారాలు పొద్దున్న ఎనిమిదింటి నుంచి తొమ్మిదిన్నర దాకా. అయ్యాక హైస్కూల్లో దింపాలి.

దిగుతూ అంది, "అత్తా, నువ్వు లోపలికి రాకు."

"నేనెందుకొస్తానే?"

"వస్తావు. ఒకటో క్లాసులో వచ్చావు. కిటికీ దగ్గర నిలబడి నాకు సైగలు చేశావు. అందరూ నవ్వారు."

"అప్పుడు నీకు ఆరేళ్ళు."

"ఇప్పుడు నీకు యాభై ఏడు. అదొక్కటే తేడా."

కాలేజీ లైబ్రరీలో కూర్చున్నాను. ఎవరూ ఏమీ అనలేదు.

ఇంటికొచ్చేసరికి తమ్ముడు బెల్మిరో వంటింట్లో ఉన్నాడు. రాత్రి రెండింటికి లేచి మా డెయిరీలో పాలు పితికి వచ్చిన మనిషి. "కాఫీ నేనే పెట్టుకున్నాను అక్కా. ఎక్కడికెళ్ళారు?" అన్నాడు.

"ఫీనాకి పొద్దున్నే ఎక్స్‌ట్రా క్లాసు."

అబద్ధం కాదు. కాలేజీ కూడా బడే.


జనవరి 15

నవంబరులో కాలేజీలో చేర్చే కాగితం వచ్చింది. తల్లి లేక తండ్రి సంతకం అని ఉన్నచోట బెల్మిరో ఆవిలా అని రాసింది నేనే. ఇందులో కొత్తేమీ లేదు. మరదలు పోయినప్పుడు ఫీనాకు నాలుగేళ్ళు. అప్పటినుంచీ దాని కాగితాలన్నిటి మీదా వాడి సంతకం నాదే. టీకాలు, పళ్ళ డాక్టరు, బడివాళ్ళు సముద్రానికి తీసుకెళ్ళిన యాత్ర. వాడి చేతులు ఎప్పుడూ తడి, లేకపోతే పేడ. "నువ్వే పెట్టెయ్ అక్కా" అనేవాడు.

ఇదీ అలాంటిదే.


జనవరి 23, బుధవారం

ఆరింటికి హైస్కూలు నుంచి ఫోను. పొగమంచు వల్ల బడి రెండు గంటలు ఆలస్యమట. ఇద్దరం మళ్ళీ పడుకున్నాం.

కాలేజీకి పొగమంచుతో పని లేదట. ఎనిమిదింటికి మొదలుపెట్టేశారు. మొదటి చిన్న పరీక్ష పోయింది.

"మాకు బస్సులు లేవు, మీ హైస్కూలు మాకు తెలీదు, అన్నారు సార్," అంది ఫీనా. దానికి నవ్వొచ్చింది. నాకు రాలేదు. రెండు బళ్ళకు రెండు గడియారాలు. గుర్తుంచుకోవాలి.


ఫిబ్రవరి 4

ఫీనా పుస్తకం లాంటిదే లైబ్రరీలో ఒకటి ఉంది. పాతది. ఊరికే కూర్చోవడం ఎందుకని తీశాను. మొదటి అధ్యాయం అర్థమైంది. రెండోది సగం.

కారులో దాన్ని అడిగాను. ఏటా ఈస్టరు తర్వాత ఏడు వారాలకు, పెంతెకోస్తు పండగనాడు మా చర్చి సంఘం హాల్లో చీట్లు తీస్తారు. ఇంటింటికీ తిరిగే పవిత్రాత్మ వెండి కిరీటం మరుసటి ఏడాది ఏ ఏడు ఇళ్ళకు, ఏ వారం వెళ్ళాలో ఆ చీట్లే చెబుతాయి. ఇరవై రెండేళ్ళుగా బెల్మిరో పేరు వేస్తున్నాం. ఒక్కసారీ రాలేదు. పోయిన మే నెలలో వచ్చింది, అదీ మొదటి వారం, ఈ ఈస్టరు నుంచే. ఇది ఊరికే జరిగిందా?

"ఎంతమంది పేర్లు వేస్తారు?"

"అరవై దాకా."

ఫోన్లో లెక్క కట్టింది. "ఇరవై రెండేళ్ళు రాకపోవడానికి వందలో ఆరు వంతులు అవకాశం ఉంది అత్తా. తక్కువే, కానీ అద్భుతమేం కాదు."

"వచ్చింది కదా మరి."

"ఎప్పుడో ఒకప్పుడు ఎవరికో ఒకరికి రావాలి కదా."

"ఆ మాట సంఘంలో ఇల్దా పిన్ని ముందు అనకు. ఇంటికి పవిత్ర జలం పట్టుకొస్తుంది."

చాలా రోజుల తర్వాత ఇద్దరం నవ్వాం. తెలివైన పిల్ల. ఈ తెలివి మా డెయిరీలో దూడల్ని పెట్టే గూళ్ళ మధ్య ఎందుకు పోవాలి?


ఫిబ్రవరి 20

బాదం పూసింది. బెల్మిరో అడగలేదు. నేను చెప్పలేదు.


మార్చి 2, శనివారం

లెంటు ఉపవాసాలకు ముందు ఫాదర్ దగ్గర పాపసంకీర్తనానికి వెళ్ళాను. కోపం, జపంలో పరధ్యానం, ఒకరి గురించి అన్న అనవసరమైన మాట, ఇవి చెప్పుకున్నాను. సంతకం సంగతి చెప్పలేదు. అది పాపమో కాదో తేలనిది ఫాదర్‌కి చెప్పి ఆయన సమయం వృథా చేయడం ఎందుకు.

అసలు నవంబరులో ఏం జరిగిందంటే, కాగితం రావడానికి ముందటి ఆదివారం భోజనాల దగ్గర బెల్మిరో అన్నాడు, "కాలేజీకెళ్ళిన పిల్ల తిరిగొచ్చి దూడలకి పాలు పడుతుందా?" అని. ఎవరో పక్క డెయిరీ వాళ్ళ అమ్మాయి గురించి. ఒప్పుకోడని అప్పుడే తెలిసిపోయింది. ఇంకా అడిగి ఇంట్లో గొడవ తేవడం ఎందుకు?

నేను స్థిమితంగానే ఉన్నాను. ఇల్లంతా రెండుసార్లు తుడిచాను.


మార్చి 25, సోమవారం

వారం సెలవులు. ఫీనా పది దాకా పడుకుంది. లేచి వాళ్ళ నాన్నతో గూళ్ళ దగ్గరికి వెళ్ళింది. ముఖం తేటగా ఉంది. కిరీటం వచ్చే లోపల ఇల్లు సిద్ధం చేయాలి. ముందు గది ఖాళీ చేశాం.


మార్చి 27, బుధవారం

మంచి ఎండ. కర్టెన్లు ఉతికాం.


ఏప్రిల్ 1, సోమవారం

ఫీనా తొమ్మిదింపావుకే బయటికి వచ్చేసింది. కారు ఎక్కి సీటు బెల్టు పెట్టుకోకుండా కూర్చుంది.

"పోయిన బుధవారం మిడ్‌టర్మ్ అయిపోయింది."

"సెలవులు కదా?"

"సెలవులు హైస్కూలుకి. కాలేజీకి సెలవులు ఈస్టరు ముందు వారం."

 ఎదురుగా ఒకబ్బాయి సైకిలుకు తాళం వేస్తున్నాడు.

"మళ్ళీ పెట్టమని అడిగావా?"

"అడిగాను. మొదటి రోజే తేదీలు కాగితం మీద ఇచ్చాను కదా అన్నారు. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. ఇరవై మార్కులు అత్తా. గుండు సున్నా."

కర్టెన్లు ఉతికిన రోజు. గడియారాల సంగతి గుర్తుంచుకోవాలని జనవరిలోనే రాసుకున్నాను. రాసుకుంటే గుర్తుంచుకున్నట్టు కాదు.


ఏప్రిల్ 3, బుధవారం

ఈ రోజు వెళ్ళక్కర్లేదంది ఫీనా. హైస్కూల్లో కౌన్సెలరు ఆ క్లాసు దీని టైంటేబులు నుంచి తీసేసిందట. బదులు లైబ్రరీ పీరియడు ఇచ్చిందట. "అయిపోయింది. ఇంక మర్చిపో," అంది.

అయిపోతే మంచిదే. ఏడింటికి కారు తాళాలు చేతిలో పట్టుకుని వంటింట్లో నిలబడ్డాను. బెల్మిరో చూసి, "ఎక్కడికి?" అన్నాడు. ఎక్కడికీ లేదన్నాను.


ఏప్రిల్ 9, మంగళవారం

దాని ఫోను భోజనాల బల్ల మీద మోగితే చూశాను. చూడకూడదు. చూశాను. స్టాటిస్టిక్స్ సారు రాశారు. రెండు క్లాసులకు రాలేదు, ఒంట్లో బాగానే ఉందా అని. తీసేసిన పిల్లకు ఎందుకు రాస్తారు?

ఒక్కదాన్నే కాలేజీకి వెళ్ళాను. ఆఫీసు కిటికీ వెనక ఒక చిన్న వయసు అమ్మాయి. మెడలో కార్డు మీద యెసేనియా అని ఉంది.

"దెల్ఫీనా ఆవిలా ఇంకా ఆ క్లాసులో ఉందా లేదా, అంతే కావాలమ్మా."

"మీరు దెల్ఫీనానా అండీ?"

"కాదు. మేనత్తని. నేనే పెంచాను."

"సారీ అండీ. ఆ పేరుతో మా దగ్గర ఎవరైనా ఉన్నారో లేదో కూడా చెప్పకూడదు."

"వాళ్ళ నాన్నొస్తే?"

"నాన్నొచ్చినా అంతే."

"పదిహేడేళ్ళ పిల్లమ్మా."

"బయట పిల్లేనండి. ఇక్కడ చేరాక స్టూడెంటు. ఏదున్నా తనే వచ్చి అడగాలి."

"చేర్చుకోవడానికి మాత్రం మా సంతకం కావాల్సి వచ్చిందే?"

"అవునండీ, చేర్చుకోవడానికి కావాలి," అంది, అందులో తప్పేముందన్నట్టు. తర్వాత జాలిపడిందేమో, కొంచెం ముందుకు వంగి, ఎవరి గురించీ కాదన్నట్టు, గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ చెప్పింది. "మామూలుగా చెప్తున్నానండీ, హైస్కూలు వాళ్ళు టైంటేబులు మార్చుకుంటే మాకు సంబంధం ఉండదు. ఎవరైనా మానేయాలంటే ఇక్కడ కాగితం ఇవ్వాలి. ఏప్రిల్ ఇరవై ఆరు, శుక్రవారం నాలుగు గంటల లోపల. ఇస్తే మానుకున్నట్టు ఒక అక్షరం పడుతుంది, అది ఎవరికీ పట్టదు. ఇవ్వకపోతే ఏ గ్రేడు వస్తే ఆ గ్రేడు. చెరగదు. ఇంకో ఇరవై ఏళ్ళకి అడిగినా అదే పంపిస్తాం."

ఆ అమ్మాయి చేతిలోంచి అలాంటి ఖాళీ కాగితం ఒకటి తీసుకుని వచ్చాను. విద్యార్థి సంతకం. కింద, పద్దెనిమిది నిండనివారైతే తల్లి లేక తండ్రి సంతకం.


ఏప్రిల్ 10

నిన్న రాత్రి ఫీనాతో గొడవ. దూడల పాలు కలిపే గదిలో, తలుపు వేసుకుని.

"నా ఫోను ఎందుకు చూశావు? అక్కడికి ఎందుకెళ్ళావు?"

"నువ్వు అయిపోయిందన్నావు. అవలేదు."

"నేను అయిపోయిందనుకున్నాను! కౌన్సెలరు తీసేస్తే పోతుందనుకున్నాను. అందరూ అలాగే అనుకుంటారు. నువ్వెళ్ళి నా పరువు తీయాలా?"

"చదువుకోవాలని నీకేగా ఉంది!"

"ఎవరు చెప్పారు?"

"కాగితం తెచ్చింది నువ్వు కాదూ?"

"క్లాసులో అందరికీ ఇచ్చారు. తెచ్చి బల్ల మీద పెట్టాను. కరెంటు బిల్లుల పక్కన. నేను ఏమీ అనలేదు అత్తా. పొద్దున లేచేసరికి నాన్న సంతకం ఉంది."

 గుర్తు చేసుకుంటే నిజమే. ఏమీ అనలేదది.

ఫీనా గొంతు తగ్గించి అంది. "ఆ మానేసే కాగితం ఇటివ్వు. నేను సంతకం పెడతాను. నాన్నది మళ్ళీ నువ్వే పెట్టెయ్. అలవాటేగా."

పెన్ను తెచ్చి ఇచ్చింది కూడా. పట్టుకున్నాను. పెట్టలేదు. ఎందుకో తెలియదు. చేయి తడిగా ఉందన్నాను.

ఏదీ తేలేదాకా క్లాసుకి వెళ్తానంది. వెళ్ళింది కూడా, ఈ పొద్దున్నే. తనే డ్రైవ్ చేసింది. నేను పక్కన కూర్చున్నాను.


ఏప్రిల్ 13

నాకు పదిహేనేళ్ళప్పుడు అమ్మ పోయింది. బెల్మిరోకు ఏడు. మిగతా ఇద్దరూ వాడికంటే చిన్న. నలభయ్యోనాడు నాన్న బండి వేసుకుని నా పుస్తకాలు బడిలో తిరిగి ఇచ్చేసి వచ్చాడు. నేను ఆరుబయట బట్టలు ఆరేస్తుంటే ఖాళీ సంచి తెచ్చి తీగ మీద వేశాడు. కొట్టలేదు, తిట్టలేదు. చెప్పనూ లేదు.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానో.


ఏప్రిల్ 21, ఈస్టరు

కిరీటం మా ఇంటికి వచ్చింది.

పూజ అయ్యాక హాలు నుంచి అందరూ నడిచి వచ్చారు. బెల్మిరో రెండు చేతుల్లో పళ్ళెం పట్టుకుని, దాని మీద వెండి కిరీటం, పైన పావురం బొమ్మ. కొత్త చొక్కా, మెడ దగ్గర బిగుసుకుంది. గుమ్మం దాటేటప్పుడు ఏడ్చాడు. వాణ్ణి మరదలు పోయినప్పుడు తప్ప ఏడవగా చూడలేదు.

ముందు గదిలో తెల్లబట్ట పరిచిన మెట్ల పీఠం పైన పెట్టాం. చుట్టూ తెల్లటి కల్లా లిల్లీ పూలు. ఈ వారమంతా సాయంత్రం ఏడింటికి జపమాల. వచ్చినవాళ్ళకు తీపి రొట్టె, కాఫీ.

కాలేజీ కాగితం నా బైబిలులో ఉంది. కిరీటం ఉన్న గదిలోంచి బైబిలు నా గదికి మార్చాను.


ఏప్రిల్ 22

ముప్పై నలుగురు వచ్చారు. రొట్టె సరిపోయింది. బెల్మిరోకి ఏమీ చెప్పలేదు.


ఏప్రిల్ 23, మంగళవారం

జపం అయ్యాక ఇల్దా కాఫీ కప్పుతో సరాసరి బెల్మిరో దగ్గరికి వెళ్ళింది. డెబ్బై తొమ్మిదేళ్ళు. గుసగుస చెప్పినా హాలంతా వినబడుతుంది.

"ఏం బెల్మిరో, మీ అమ్మాయి అప్పుడే కాలేజీ పిల్ల అయిపోయిందటగా! మా కోడలు చూసిందిలే, మీ అక్క దియోలిందాని, దాన్ని, వారానికి రెండుసార్లు. మాతో ఒక్క మాట అనలేదే! దిష్టి పెడతామనా?"

ఫీనా చేతిలో పళ్ళెం అలాగే ఉండిపోయింది. నేను కిరీటం వైపు చూశాను.

బెల్మిరో తొణకలేదు. "మీ దిష్టికి భయపడితే ఈ ఊళ్ళో ఆవులు పాలిస్తాయా ఇల్దా పిన్నీ? రొట్టె తీసుకో," అన్నాడు.

అందరూ నవ్వారు. నావైపు ఒక్కసారి చూశాడు. అంతే. అడగలేదు. కుర్చీలు మడిచి పెట్టి, కిరీటం ముందు ఒక నిమిషం నిలబడి, పడుకోవడానికి వెళ్ళిపోయాడు.

అడిగి ఉంటే బాగుండేది.


ఏప్రిల్ 24

జపమాలలో లెక్క తప్పాను. నేను చెప్పిస్తూ, నేనే. ఒక పూసకు రెండుసార్లు. ఇల్దా దగ్గింది.


ఏప్రిల్ 25, గురువారం

మధ్యాహ్నం మూడింటికి గూళ్ళ దగ్గరికి వెళ్ళాను. వాడు దూడలకు సీసాలు పడుతున్నాడు. నేనూ ఒకటి తీసుకున్నాను. నిన్న పుట్టినది, పాలు చీకడం ఇంకా రాదు. సీసా రబ్బరు చన్ను నోట్లో పెట్టి గడ్డం పట్టుకోవాల్సి వచ్చింది.

"బెల్మిరో, నీతో ఒక మాట చెప్పాలి."

"చెప్పు. జనవరి నుంచి చూస్తున్నాను."

"మొన్న ఇల్దా అన్నదాకా..."

"ఇల్దా దాకా ఎందుకు? బడి మూడు మైళ్ళు. కారు మీటరు వారానికి వంద మైళ్ళు ఎక్కువ చూపిస్తోంది. ఆయిలు మార్చేది నేనే కదా అక్కా."

"మరి అడగలేదేం?"

"నువ్వు చెప్తావనుకున్నాను."

చెప్పాను. కాగితం, సంతకం, పొగమంచు, సెలవులు, సున్నా, రేపు నాలుగింటి గడువు. వాడు వింటూ ఒక్కో గూటికీ జరుగుతున్నాడు. నేనూ వెంట జరుగుతున్నాను.

"నువ్వు ఒప్పుకోవనుకున్నాను," అన్నాను.

"అడిగావా?"

"నవంబరులో నువ్వే అన్నావు, కాలేజీకెళ్ళిన పిల్ల దూడలకి పాలు పడుతుందా అని."

"అన్నాను. నోరుంది కాబట్టి అన్నాను. నువ్వు అడిగితే చెప్పింది కాదది."

"అడిగితే ఏమనేవాడివి?"

వాడి చేతిలో సీసా ఖాళీ అయింది. దూడ ఉత్తి చన్ను చీకుతూనే ఉంది.

"ఏమో. వద్దనేవాణ్ణేమో. రెండు రోజులు రుసరుసలాడి, మూడో రోజు సరే అనేవాణ్ణేమో. నాకే తెలీదు. తెలుసుకునే అవకాశం నువ్వు ఇవ్వలేదు." సీసా బకెట్లో పడేశాడు. "టీకాలకీ పళ్ళకీ పెట్టావు, పెట్టమన్నాను. ఇది వేరే. ఇది నా దగ్గర దాచి పెట్టావు. సంతకం పోతే పోయింది అక్కా. నా 'వద్దు' కూడా నువ్వే అనేశావు. అది నాది. అన్నా, అనకపోయినా నాది."

నేను తలొంచుకున్నాను. కోప్పడతాడని అన్నిరోజులూ భయపడ్డాను. కోప్పడితే తేలిగ్గా ఉండేది.

కాగితం జేబులోంచి తీసి ఇచ్చాను. చేతులు ప్యాంటుకు తుడుచుకుని అందుకున్నాడు, కానీ పెన్ను తీసుకోలేదు.

"ఇది ఎవరికి కావాలి? దానికా, నీకా?"

 నాకు తెలియదు. పిల్ల పేరు మీద మచ్చ పడకూడదని నాకే కావాలేమో.

"అయితే దాన్నే అడుగుదాం," అన్నాడు.


ఏప్రిల్ 26, శుక్రవారం

ఫీనా హైస్కూలు నుంచి రెండున్నరకు వచ్చింది. కాలేజీ చేరడానికి ముప్పావు గంట. అంటే మూడుంపావు లోపల తేలాలి.

ముగ్గురం వంటింటి బల్ల దగ్గర. బెల్మిరో కాగితం మధ్యలో పెట్టి అన్నాడు. "నువ్వు కావాలంటే ఇప్పుడే పెడతాను. వద్దంటే చింపేస్తాను. నీ మనసు చూసుకుని చెప్పు, మీ అత్త మొహం చూసి కాదు."

తనతో ఎవరైనా అలా మాట్లాడటం దానికి అలవాటు లేదు.  పాల రసీదు ఒకటి తిరగేసి లెక్క వేసింది. హోంవర్కు ఇంత, చిన్న పరీక్షలు ఇంత, ప్రాజెక్టు బాగా చేస్తే ఇంత. మిడ్‌టర్మ్ సున్నా.

"పాసవడమంటే సి రావాలి, మొత్తం మీద డెబ్బై. ఫైనల్లో తొంభై వస్తేనే వస్తుంది."

"వస్తుందా?" అన్నాడు వాళ్ళ నాన్న.

"తెలీదు."

"వందలో ఎంత అవకాశం? అదేగా నువ్వు నేర్చుకునేది?"

"నా గురించి నేను అలా లెక్క కట్టలేను నాన్నా."

"మరెందుకా చదువు?"

ఫీనా నవ్వి, వెంటనే కళ్ళు తుడుచుకుంది. "మొదట్లో నాకు అక్కర్లేదు. నిజంగా. అత్త కోసం వెళ్ళాను. కానీ ఈ మధ్య సారు ఏదైనా బోర్డు మీద రాస్తుంటే, ఆయనకంటే ముందు నాకు తెలిసిపోతోంది తర్వాతేంటో. అది... బాగుంటుంది. నేను మానను. డి వస్తే రానీ."

నా నోటిదాకా వచ్చింది. డి అయితే ఎప్పటికీ చెరగదే, ఆ అమ్మాయి చెప్పింది, ఇరవై ఏళ్ళయినా. సంతకం పెట్టించెయ్ అని. పళ్ళు బిగబట్టాను. గడియారం మూడున్నర దాటింది. నాలుగయింది.  స్థిమితంగా లేను. రాసుకుంటున్నాను, లేను.

ఏడింటికి జపమాల. లెక్క తప్పకుండా చెప్పించాను.


ఏప్రిల్ 29, సోమవారం

నిన్న కిరీటం రెండో ఇంటికి వెళ్ళింది. ముందు గది మరీ పెద్దదిగా ఉంది.

శనివారం ఫాదర్ దగ్గర అంతా చెప్పాను. ఆయనేమన్నారో ఇక్కడ రాయను.

ఇవాళ యెసేనియా దగ్గరికి వెళ్ళాను. "నవంబరులో ఒక పిల్ల కాగితం మీద తండ్రి సంతకం నేను పెట్టాను. తప్పు. చెప్పుకోవడానికి వచ్చాను."

"ఏ పిల్ల అండీ?"

"చెప్పాను కదా ఆ రోజు."

"మీరు ఏ పిల్ల గురించి చెప్తున్నారో నాకు తెలీదండీ. తెలిసినా మీతో మాట్లాడకూడదు." చేర్చే కాగితం కొత్తది ఒకటి తీసి బల్ల మీద పెట్టి, అటు తిరిగి కంప్యూటరు చూసుకుంది.

బెల్మిరో దాని మీద సంతకం పెట్టాడు. మెల్లిగా, నాలుక బయటపెట్టి. నేను ఇన్నాళ్ళూ రాసిందానికీ దానికీ పోలికే లేదు. ఫీనా పట్టుకెళ్ళి ఇచ్చింది. వాళ్ళేమీ అడగలేదట.


మే 15

రోజూ సాయంత్రం ఫీనా పాల గది బల్ల మీద చదువుతోంది. ఏం చదువుతున్నావని వెళ్ళలేదు. ఒకసారి వెళ్ళాను. నీళ్ళు ఇచ్చి వచ్చేశాను.


మే 22

ఫైనలు. తనే కారు తీసుకెళ్ళింది. నేను పదకొండు దాకా పుదీనా మడి తవ్వాను. పెంతెకోస్తునాడు హాల్లో పెట్టే సోపాస్ అనే మాంసం పులుసుకు పుదీనా కట్టలు కట్టలు కావాలి. తవ్వాల్సినదానికంటే ఎక్కువ తవ్వాను.


మే 30, గురువారం

ఫలితాలు నిన్ననే వచ్చాయట. నాకు చెప్పలేదు. నేను అడగలేదు. అడగకపోవడమూ పాత అలవాటే కదా అనిపించి, ఈ మధ్యాహ్నం అడిగాను.

"ఏమైందే?"

"ఫైనల్లో ఎనభై ఆరు."

ఎనభై ఆరు మంచి మార్కే అనుకుని లేచాను. దాని ముఖం చూసి మళ్ళీ కూర్చున్నాను.

"మొత్తం మీద అరవై ఎనిమిదీ చిల్లర. డి."

ఒకటీ చిల్లర తక్కువ. ఆ రోజు నేను పెన్ను పట్టుకుని ఒక్క గీత గీసి ఉంటే ఈ అక్షరం ఉండేది కాదు. నవంబరులో గీయకుండా ఉన్నా ఉండేది కాదు. అదే అన్నాను. తప్పంతా నాదే తల్లీ అన్నాను. సెలవుల తేదీలు నేను చూడాల్సింది, నిన్ను అడగాల్సింది, అసలు...

"అత్తా, ఆపు." చెయ్యి పట్టుకుంది. కోపంగానే పట్టుకుంది. "డి నాది. అది కూడా నువ్వే తీసేసుకోకు."

వాళ్ళ నాన్నకు తనే వెళ్ళి చెప్పింది. కిటికీలోంచి కనబడుతోంది. వాడు పార కింద పెట్టి విన్నాడు. ఏదో అన్నాడు. ఇద్దరూ నవ్వుతున్నారు. ఏమన్నాడో నాకు వినబడలేదు. వినబడనక్కర్లేదు.


జూన్ 17, సోమవారం

వేసవిలో అదే సబ్జెక్టు మళ్ళీ చెబుతారట, ఎనిమిది వారాల్లో. తనే వెళ్ళి చేరింది. బెల్మిరో సంతకం తనే అడిగి పెట్టించుకుంది. ఈసారి పాసైతే లెక్కకు ఈ గ్రేడే తీసుకుంటారు. పాత డి మాత్రం పక్కన ఉంటుంది.

ఏడింటికి బయల్దేరింది. నేను చెప్పులు వేసుకుని వెంట వెళ్ళాను, అలవాటు కొద్దీ. కారు దగ్గర ఆగి చెయ్యి చాచింది.

"తాళాలు. నువ్వు రానక్కర్లేదు అత్తా."

ఇచ్చేశాను. కారు మలుపు తిరిగేదాకా నిలబడ్డాను. వెళ్ళిపోయాక కాళ్ళు ఒకచోట నిలవలేదు. అంట్లు తోమాను. తోమినవే తోమాను. ఆ లైబ్రరీలో కూర్చోవడం నాకిష్టమైందని, పుస్తకం ఏడో అధ్యాయంలో ఆపానని ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ కూడా ఇప్పుడే రాస్తున్నాను.

చివరికి గూళ్ళ దగ్గరికి వెళ్ళాను. బెల్మిరో గడ్డి వేస్తున్నాడు.

"నీకేమైనా సాయం కావాలా?" అన్నాను.

చేయి ఆపి నన్ను ఎగాదిగా చూశాడు. "ఏంటక్కా, అడుగుతున్నావు!"

"అడిగాను. కావాలా, వద్దా?"

కాసేపు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు.

"వద్దు," అన్నాడు.

సరే అని ఇంట్లోకి వచ్చేశాను.